కైజర్ కాలపు జర్మన్ బడిపిల్ల పినఫోర్ కుట్టడం ఎలా

స్కూల్ నాటకానికో, ఫ్యాన్సీ డ్రెస్‌కో పాతకాలపు జర్మన్ బడిపిల్ల వేషం కావాలంటే చాలామంది చేసే పని ఒకటే: తెల్ల లేసు, పెద్ద పెద్ద ఫ్రిల్స్ ఉన్న పినఫోర్ (గౌను మీద వేసుకునే చేతుల్లేని పైబట్ట) ఒకటి ఆన్‌లైన్‌లో కొనేస్తారు. దయచేసి అలా కొనకండి. జర్మనీలో దీన్ని ష్యూర్‌త్సె అంటారు, ఇది సింగారం కోసం పుట్టిన బట్ట కాదు, కింద వేసుకున్న గౌను పాడవకుండా కాపాడే పనిబట్ట. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ఏ గుడ్డ తీసుకోవాలి, ఎంత పొడవుండాలి, ఏ గుండీలు వేయాలి అన్నవన్నీ వాటంతట అవే తేలిపోతాయి. జర్మనీలో ఉంటున్న మన తెలుగువాళ్ళకు ఇది ఇంకా పనికొస్తుంది, ఎందుకంటే అక్కడి బడి మ్యూజియాల్లో పిల్లల్ని పాత బల్లల మీద కూర్చోబెట్టి కైజర్ కాలపు, అంటే జర్మన్ చక్రవర్తుల నాటి క్లాసు చెప్పే కార్యక్రమాలు ఉంటాయి.

ముందు ఏ సంవత్సరమో తేల్చుకోండి. నేనైతే 1900 నుంచి 1910 మధ్య కాలం ఎంచుకోమంటాను. అప్పట్లో పిల్లల ఉన్ని గౌన్లు తరచూ ఉతికేవి కావు, ఒక్కో పిల్లకు ఉండేవే ఒకటో రెండో. ఇంట్లో పెద్ద చాకిరేవు పెట్టేది కొన్ని వారాలకోసారి, అదీ నానబెట్టి, ఉడకబెట్టి, చేత్తో రుద్ది ఉతకడమే. డ్యూసెల్డార్ఫ్‌లోని హెంకెల్ కంపెనీ పెర్సిల్ పొడిని తెచ్చింది 1907లో, రుద్దుడు తగ్గింది అక్కణ్ణుంచే. ఇంకోవైపు బడిలో పలక, పలకపుల్ల, తడి స్పాంజి, పెద్ద తరగతుల్లో సిరాబుడ్డి. అందుకే గౌను మీద పినఫోర్ వేసి పంపేవారు, మాసింది పినఫోరే కాబట్టి దాన్నొక్కదాన్నే మార్చేస్తే సరిపోయేది.

ఇంకో ముఖ్యమైన విషయం, జర్మనీలో దేశమంతటికీ ఒకే స్కూల్ యూనిఫాం అనేది ఎప్పుడూ లేదు. పినఫోర్ వాడుక మాత్రమే. కాబట్టి నాటకంలో పదిమంది పిల్లలుంటే పదిమందికీ ఒకే తాను చింపి కుట్టించొద్దు. ఒకరికి నల్లది, ఒకరికి గళ్ళది, ఒకరికి నీలం, ఎవరో ఒకరిద్దరికి తెల్లది, అలా ఉంటేనే అది జర్మన్ క్లాసులా కనిపిస్తుంది. పాత ఫోటోల్లో తెల్లవి ఎక్కువ కనబడితే మోసపోకండి, ఫోటో తీయించుకునే రోజున ఎవరైనా ఉతికి ఇస్త్రీ చేసిందే వేస్తారు కదా.

గుడ్డ విషయానికొస్తే మందపాటి కాటన్ తీసుకోండి, పాలియెస్టర్ కలిసింది వద్దు. రోజువారీ వాడకానికి నలుపు గానీ ముదురు రంగు గానీ మంచిది, సిరా మరక కనబడదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది నీలం మీద చిన్న తెల్ల పూలో చుక్కలో ఉన్న అద్దకం, జర్మన్లు బ్లౌడ్రుక్ అంటారు. తెల్లగా ఉండాల్సిన చోట బంకలాంటి ముద్ద అద్ది, మొత్తం గుడ్డను నీలిమందు తొట్టిలో ముంచుతారు, తర్వాత ఆ ముద్ద కడిగేస్తే తెల్ల పువ్వు మిగులుతుంది. ఈ పనితనాన్ని 2018లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. 1897లో జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్ అనే రసాయనాల కంపెనీ కృత్రిమ నీలిమందును మార్కెట్లోకి తెచ్చేదాకా యూరప్ వాడిన నీలిమందు చాలావరకు భారతదేశం నుంచి వెళ్ళిందే, అందులో మన కడప ప్రాంతపు సరుకూ ఉంది. ఆ తర్వాత ఇక్కడి నీలి సాగు కుప్పకూలింది. అందుకే ఈ నీలి గుడ్డ చూస్తే నాకు అది పూర్తిగా పరాయి బట్ట అనిపించదు. మన దగ్గర దొరికే నీలి బ్లాక్ ప్రింట్ కాటన్ దీనికి బాగా సరిపోతుంది, కాకపోతే కత్తిరించేముందు రెండుసార్లు ఉప్పునీళ్ళలో జాడించి ఆరేయండి, రంగు వదిలినా గుడ్డ కుదించుకున్నా అప్పుడే తెలిసిపోతుంది.

ఇక కొలతలు. ఏడేళ్ళ పిల్లకు, ఎత్తు 120 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉందనుకుంటే, 115 సెంటీమీటర్ల పన్నా ఉన్న గుడ్డ మీటరున్నర చాలు. పై భాగం, అంటే యోక్, ముందు వైపు 30 వెడల్పు 14 ఎత్తు, వెనక రెండు ముక్కలు ఒక్కొక్కటి 18 వెడల్పు 14 ఎత్తు, లైనింగ్‌కు ఇవే మళ్ళీ ఇంకో జత. వీటిలో మెడ, భుజం వంపులు పిల్ల గౌను కొలత పెట్టి గీసుకోండి. కింది భాగం ముందు ముక్క 70 వెడల్పు, వెనకవి రెండు, ఒక్కొక్కటి 40, పొడవు అన్నిటికీ 68. ఈ 68లో 10 సెంటీమీటర్లు అంచు మడతకే పోతుంది, ఆ మడత తగ్గించొద్దు, పిల్ల పొడుగైతే విప్పి దించుకోవడానికే అంత పెట్టేవారు. అంచు పైన అడ్డంగా రెండు టక్కులు కూడా వేస్తే ఇంకా బాగుంటుంది, దానికి గుడ్డ కాస్త ఎక్కువ తీసుకోవాలి.

ముందు ముక్క పై మూలలు రెండింట్లోనూ, వెనక ముక్కలకు చంక వచ్చే వైపునా 7 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల లోతుతో వంపుగా కత్తిరించండి. కింద ఉన్ని గౌను చేతులు పట్టాలి కాబట్టి చంక వదులుగానే ఉండాలి. పక్క కుట్లు వేశాక పై అంచున వదులు కుట్టు రెండు వరసలు వేసి, దారం లాగి కుచ్చులు సమంగా సర్ది, యోక్‌కు, దాని లైనింగ్‌కు మధ్యన పెట్టి కుట్టేయండి. చంకలకు క్రాస్ పట్టీ. మిషన్ కుట్టు వేస్తే పాతకాలపుదిలా ఉండదేమోనని టెన్షన్ పడకండి, జర్మనీలోని కైజర్స్‌లౌటర్న్ ఊళ్ళో ప్ఫాఫ్ కంపెనీ కుట్టు మిషన్లు తయారుచేయడం మొదలైంది 1862లోనే. వెనక కాజాలు చేత్తో కుట్టి, సాదా తెల్ల చొక్కా గుండీలు పెట్టండి. జిప్, ఎలాస్టిక్, వెల్‌క్రో పెడితే మాత్రం మొత్తం శ్రమ వృథా. ముందు కుడివైపు ఒక జేబు, చేతిరుమాలుకి.

చివరగా లోపలి అంచున ఎర్ర దారంతో, ఇంటూ కుట్టుతో పిల్ల పేరు పొడి అక్షరాలు కుట్టండి. చాకిరేవులో బట్టలు కలిసిపోకుండా ఉండేందుకు అలా గుర్తు పెట్టేవారు. అప్పటి జర్మనీలో అతిపెద్ద రాజ్యమైన ప్రష్యాలో 1872 నుంచి ఆడపిల్లలకు బడిలో కుట్టుపని తప్పనిసరి పాఠం, ఇలాంటి అక్షరాలు వాళ్ళే నేర్చుకుని కుట్టేవారు.

మగపిల్లల సంగతి అడుగుతారు. బడికెళ్ళే వయసు రాని చిన్నవాళ్ళకు ఇంట్లో ఇది వేసేవారు గానీ, జర్మన్ బడిలో మాత్రం ఇది ఎక్కువగా ఆడపిల్లలదే. ఫ్రాన్స్, ఇటలీ బడుల్లో మగపిల్లలు కూడా పైతొడుగు వేసుకునేవారు, ఆ ఫోటోలు చూసి కలిపేసుకోవద్దు.

వేరే కాలం కావాలనుకుంటే కొద్ది మార్పులు చాలు. 1916 తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వల్ల గుడ్డ దొరక్క కాగితపు దారంతో నేసిన బట్టలు కూడా వచ్చాయి, కాబట్టి అతుకులు, వెలిసిన రంగులు పెట్టండి. 1930ల్లో గౌన్లతో పాటు ఇదీ పొట్టి అయింది. 1950ల్లో కూడా, ముఖ్యంగా పల్లెల్లో, రంగురంగుల చిన్న పినఫోర్లు కనిపిస్తాయి. ఆ తర్వాత ఇళ్ళలోకి వాషింగ్ మెషీన్లు, సులభంగా ఆరే కృత్రిమ నూలు వచ్చేసరికి దీని అవసరం తీరిపోయింది, 1970 నాటి కథకు పినఫోర్ వేస్తే తప్పే.

దీని కింద మోకాళ్ళు దాటే ముదురు రంగు పొడుగుచేతుల గౌను, మందపాటి నల్ల మేజోళ్ళు, లేసులు కట్టే బూట్లు, రెండు జడలు ఉండాలి. వీపున తోలు సంచి, ఆడపిల్లల సంచికి మూత సగందాకానే ఉండేది, మగపిల్లలదానికి కిందిదాకా. సంచి పక్కనుంచి పలక తుడిచే స్పాంజి దారానికి కట్టి బయటికి వేలాడదీయండి.