కర్ర కొలత: 144తో భాగిస్తే చాలు

టింబర్ డిపోలో "అడుగు ఇంత" అని రేటు చెప్పి, క్యాలిక్యులేటర్ టకటకా నొక్కి మొత్తం చెప్పేస్తారు. ఆ అడుగు పొడవు అడుగు కాదు, ఘనపుటడుగు. మొన్న విజయనగరంలో గుమ్మానికి కర్ర తీసుకున్నప్పుడు ఫోన్లో నేనే లెక్క కట్టుకున్నాను.

వెడల్పు, మందం అంగుళాల్లో, పొడవు మాత్రం అడుగుల్లో తీసుకోవాలి. మూడూ గుణించి 144తో భాగించడమే. నాకు కావలసింది 5×3 కర్ర: నిలువులు 7 అడుగులవి రెండు, అడ్డాలు మూడున్నర అడుగులవి రెండు, కలిపి 21 అడుగులు. 5×3×21 అంటే 315, దాన్ని 144తో భాగిస్తే 2.19. అడుగు 3,000 అనుకుంటే 6,560 చిల్లర.

టేపు మాత్రం మీరే పట్టండి. 5×3 అని చూపించిన కర్ర తీరా కొలిస్తే 4¾×2¾ ఉంది. పావంగుళమే కదా అనిపిస్తుంది గానీ లెక్క 1.9కి దిగిపోయింది, అంటే 850 దాకా తేడా! చిత్రిక పట్టకముందు కొలతా, పట్టాకా అన్నది బేరానికి ముందే అడిగేయండి.

కోసిన కర్రకే ఈ లెక్క. గుండ్రటి దుంగైతే చుట్టుకొలతలో నాలుగో వంతునే వెడల్పుగానూ మందంగానూ పెట్టి కడతారు.