పాత టూరింగ్ బైక్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందు

లాంగ్ రైడ్‌ల సీజన్ దగ్గర పడింది. డబ్బు చేతులు మారకముందే ఇవి చూసుకోండి.

• ఛాసిస్, ఇంజిన్ నంబర్లు కాగితాలతో అక్షరం పొల్లు పోకుండా సరిపోవాలి. తేడా ఉంటే ఎంత నచ్చినా వదిలేయండి. దొంగ బండి అయితే బండీ పోతుంది, డబ్బూ పోతుంది.

• ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే, స్టార్టింగ్ ఇబ్బంది దాస్తున్నారేమోనని నాకైతే అనుమానమే. వేడెక్కాక కూడా నీలం పొగ ఆగకపోతే ఆయిల్ కాలుతున్నట్టే.

• ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పండి. మధ్యలో చిన్న గుంటలో పడ్డట్టు ఆగిందంటే స్టీరింగ్ బేరింగులు పోయినట్టు.

• టైరు మీద 2318 అంటే 2018లో 23వ వారం తయారీ. గాడులు లోతుగానే ఉన్నా, పాత రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద జారుతుంది.

• కొన్నాక బ్రేక్ ఫ్లూయిడ్ మార్చేయండి. అది తేమ పీల్చుకుంటుంది, దాంతో బ్రేక్ పట్టు తగ్గుతుంది.