బ్రౌనీ ఉండల మీద చాక్లెట్ పూత పగలకుండా

బ్రౌనీ ఉండల్ని చాక్లెట్‌లో ముంచితే, గట్టిపడ్డాక పూత పగుళ్లిచ్చేది. పూత మందంగా వేశాను, పాలు కలిపాను (ముద్దకట్టింది), గంటసేపు ఫ్రీజర్‌లో పెట్టాను, ఏదీ పనిచేయలేదు.

చివరికి ఉండల్ని ఫ్రీజర్‌లో కాకుండా ఫ్రిజ్‌లో అరగంట ఉంచి, తీసి పది నిమిషాలు బయట పెట్టాను. అసలు కిటుకు ఇదే అనుకుంటున్నాను: మరీ చల్లటి ఉండ బయటి వేడికి కొంచెం ఉబ్బుతుంది, పైన బిగిసిన పూత చిట్లుతుంది. ఈలోగా 200 గ్రాముల డార్క్ కాంపౌండ్‌ను (కోకో బటర్ బదులు వేరే వెజిటబుల్ కొవ్వుతో చేసే చాక్లెట్) వేడినీళ్ల గిన్నె మీద, చుక్క తడి తగలకుండా కరిగించి, రెండు టీస్పూన్ల కొబ్బరినూనె కలిపాను. వాసన లేని రిఫైన్డ్ నూనె తీసుకోండి, లేకపోతే బ్రౌనీ తలనూనెలా ఘుమఘుమలాడుతుంది! ఫోర్కుతో ముంచి, అదనం కారిపోయాక బటర్ పేపర్ మీద పెట్టాను.

ఇలా చేసిన రెండుసార్లూ బాగానే వచ్చాయి. అయితే నేను వాడింది కాంపౌండ్. కోకో బటర్ ఉన్న అసలు చాక్లెట్‌కు టెంపరింగ్ (కరిగించి, ఉష్ణోగ్రత చూసుకుంటూ చల్లార్చడం) కావాలి, దానికి ఇదొక్కటే చాలదు.