చెరువు, చెట్ల పని చేసినోళ్ళు సర్కారు అవార్డుకి ఫైల్ ఎట్ల కట్టాలె

మా హనుమకొండ జిల్లా పరకాల దిక్కు చెరువు బాగుచేసుకున్న ఊర్లు, చెట్లు పెంచే మనుషులు మస్తుమంది ఉన్నరు, కానీ అవార్డు నోటిఫికేషన్ పడ్డంక గానీ ఎవ్వరికీ ఫైల్ యాదికి రాదు. అప్పుడు పది రోజులల్ల ఉరుకులు పెట్టి పేపర్ కటింగులు, శాలువా కప్పిన ఫోటోలు అన్నీ కుప్పేసి పంపుతరు. మేం మా ఊరి చెరువు కోసం మొదటిసారి పంపింది గట్లనే, జవాబు కూడా రాలే. రెండోసారి పంపింది మాత్రం జాగ మీదికి వచ్చి చూసే దాకా పోయింది. ఈ రెండింటి నడుమ నేర్చుకున్నది రాస్తున్న. ఇప్పుడిప్పుడే పని మొదలువెట్టినోళ్ళకు ఇది ఎక్కువ పనికొస్తది, ఎందుకంటే ఫైల్ అనేది మొదటి గడ్డపార దించిన రోజు నుంచే కట్టుకుంట రావాలె.

ముందుగాల ఏ అవార్డో తేల్చుకోండి. కేంద్రం అవార్డులు చానా వరకు రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లనే ఉంటయి, అవార్డ్స్ డాట్ గవ్ డాట్ ఇన్ అని కొడితే వస్తది, ఏది ఓపెన్ ఉన్నది, ఆఖరు తారీఖు ఎప్పుడు అనేది అండ్లనే చూడాలె, వాట్సాప్‌ల తిరిగే తారీఖులు నమ్మొద్దు. నీళ్ళ పని అయితే 2018ల మొదలైన, ఇప్పుడు జలశక్తి శాఖ ఇచ్చే జాతీయ జల పురస్కారాలు ఉన్నయి, అండ్ల పంచాయతీకి, బడికి, నీటి సంఘానికి, స్వచ్ఛంద సంస్థకు వేరువేరు విభాగాలు. ఊరంత కలిసి పంచాయతీ పేరు మీద చేసిన పని అయితే జాతీయ పంచాయతీ అవార్డులు, మన పక్కన జనగామ జిల్లా నెల్లుట్ల 2023ల నీళ్ళు సరిపడా ఉన్న పంచాయతీ విభాగంల దేశంలనే ఫస్ట్ వచ్చింది. ఒక్క మనిషి బతుకంత పెట్టి చేసిన పని అయితే పద్మ అవార్డు. ఖమ్మం రెడ్డిపల్లి వనజీవి రామయ్యగారికి 2017ల పద్మశ్రీ వచ్చింది, మెడల వృక్షో రక్షతి రక్షితః అని బోర్డు ఏసుకొని సైకిల్ మీద మొక్కలు, ఇత్తులు పట్టుకొని తిరిగిన పెద్దమనిషి, 2025 ఏప్రిల్‌ల పోయిన్రు, ఆయన యాదికొస్తే నాకు ఇప్పటికీ గుండె బరువైతది.

పద్మకి మన పేరు మనమే పంపుకోవచ్చు. అన్నిటికీ అట్ల కుదరదు. కేంద్ర పర్యావరణ శాఖ 1987ల పెట్టిన ఇందిరా గాంధీ పర్యావరణ్ పురస్కార్ రూల్స్‌ల సొంతంగా పంపుకునుడు గానీ, చుట్టాలు పంపుడు గానీ ఒప్పుకోలే, కలెక్టరో పొల్యూషన్ కంట్రోల్ బోర్డో, లేకుంటే ఈ రంగంల పదేండ్లు పనిచేసిన మనిషో ప్రతిపాదించాలె అని ఉండె. అందుకే మీరు పోయే అవార్డుకి ఎవరు పేరు పంపాలె అన్నది మొట్టమొదలు చదవండి. వేరేవాళ్ళు పంపాలె అని ఉంటే ఆ సార్‌ను సంతకం కోసం ఆఖరి వారంల కలుసుడు కాదు, ఏడాది ముందుగాలనే పిలిచి కట్ట మీద నడిపించండి. చూసినోళ్ళు రాసే లెటర్ వేరే ఉంటది.

ఇగ అసలు సంగతి లెక్క. మొదటి ఫైల్‌ల మేం "412 మొక్కలు నాటినం" అని రాసినం. నాటుడు ఎవ్వలైనా నాటుతరు, ఎన్ని బతికినయి అనేదే కావాలె. మన పంచాయతీరాజ్ చట్టం 2018 కూడా పెట్టిన మొక్కలల్ల 85 శాతం బతకాలనే చెప్తది. తర్వాత మేం కూసొని నిజంగ లెక్కపెడితే 263 ఉన్నయి, అంటే నూటికి 64. రాయాల్నా వద్దా అని మా పోరగాండ్లు రెండు రోజులు కొట్లాడుకున్నరు, రాసినం, దాని పక్కకే పోయినయి ఎట్ల పోయినయో కూడా రాసినం: మేకలు తిన్నయి ఎన్ని, ఎండకు పోయినయి ఎన్ని, కట్ట మీద గడ్డికి అగ్గి అంటుకొని కాలినయి ఎన్ని అని. చూసెటందుకు వచ్చినోళ్ళు ఎక్కువసేపు చదివింది ఆ పేజీనే. కాబట్టి చెట్టు చెట్టుకు నంబర్ ఏసి, ఒక పెద్ద రిజిస్టర్ పెట్టి, ప్రతి ఏడు ఎండాకాలం దాటినంక జూన్ మొదటి వారంల లెక్కపెట్టండి, వానాకాలంల లెక్కపెడితే అన్నీ పచ్చగనే కనపడతయి.

నీళ్ళ లెక్క ఇంకా సులువు, కానీ ఎవ్వరూ చెయ్యరు. చెరువు కింద మూడు బావులు పట్టుకోండి, తాడుకు రాయి కట్టి నీళ్ళ మట్టం కొలిచి రాయండి, భూగర్భ జల శాఖ వానలకు ముందు మే, వానల తర్వాత నవంబర్ లెక్కలు చూస్తది కాబట్టి మీరు నెలనెలా కొలవకున్నా ఆ రెండు నెలలు మాత్రం తప్పొద్దు. ఇక్కడ ఒక ప్రశ్న తప్పకుండ వస్తది, ఆ ఏడు వానలు బాగ పడ్డయి కాబట్టి నీళ్ళు పైకొచ్చినయేమో అని. దానికి జవాబు ముందే తయారు పెట్టుకోవాలె. మండలం వాన లెక్క తీసి పక్కకు రాయండి, ఆయకట్టు బయట ఉన్న ఒక బావిని కూడా అదే రోజు కొలవండి, ఆ బావి మట్టం అట్లనే ఉండి మీ చెరువు కింది బావి పెరిగిందంటే అది మీ పని అని చెప్పెటందుకు బలం వస్తది.

ఫోటోలు ఎప్పుడూ ఒక్కటే జాగ నుంచి తియ్యాలె, మేం తూము మీద నిలవడి మత్తడి దిక్కు తీస్తం, గుర్రపుడెక్క నిండి నీళ్ళు కనపడని ఫోటో, తీసేసినంక ఫోటో, రెండేండ్లకు కొంగలు వాలిన ఫోటో పక్కపక్కకు పెడితే మాట చెప్పేది లేదు. ఫోన్‌ల తారీఖు, లొకేషన్ పడే కెమెరా యాప్ వాడండి. వాట్సాప్‌ల మామూలుగ పంపితే ఫోటో లోపలి తారీఖు, లొకేషన్ వివరాలు పోతయి, డాక్యుమెంట్ లెక్క పంపాలె, మా పాత ఫోటోలు సగం ఇట్లనే పనికిరాకుండ పోయినయి.

ఇంకో ముఖ్యమైన ముచ్చట. సర్కారు చేసింది మీరు చేసినట్టు రాయకండి. 2015ల మొదలైన చెరువుల బాగు పథకం మిషన్ కాకతీయల మీ చెరువు పూడిక తీసిండ్రా, కట్ట పని ఉపాధి హామీల అయ్యిందా, ఆ ముచ్చట సాఫ్‌గ రాసి దాని తర్వాత మీరేం చేసిండ్రో చెప్పండి. మా చెరువుల పూడిక తీసింది సర్కారు, ఆ తర్వాత తుమ్మకంప మొలవకుండ ఏటేటా పీకింది, చెత్త పొయ్యకుండ కాసింది, చేపలు పట్టే ముదిరాజ్ సంఘపోళ్ళతోని మాట్లాడి గుర్రపుడెక్క తీయించింది మేము. అంతే రాసినం, అది సరిపోయింది. మా అమ్మవయసోళ్ళు ఒక ముచ్చట చెప్పిన్రు, బతుకమ్మకు గునుగు, తంగేడు కోసం పక్కూరికి పోయేది, ఇప్పుడు కట్ట పొంటనే దొరుకుతున్నయని. అది కూడా ఊర్ల ఉన్న చెట్లు, జీవాలు రాసిపెట్టే పంచాయతీ జీవవైవిధ్య రిజిస్టర్‌ల ఎక్కించి, ఆ పేజీ నకలు పెట్టినం.

కాయితాలల్ల గ్రామసభ తీర్మానం, సంఘం రిజిస్ట్రేషన్, ఆడిట్, ఇరిగేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) సార్ లెటర్ ఉంటే చాలు. పేపర్ కటింగులు మూడు నాలుగు మించొద్దు, తారీఖు, ఎడిషన్ రాసి పెట్టండి.

రాత పని ఆఖరుకు చెయ్యండి. పద్మకి పని గురించి 800 పదాలు దాటొద్దు, వేరే అవార్డులకు వేరే హద్దు ఉంటది. "పర్యావరణ పరిరక్షణకు అహర్నిశలు కృషి" లాంటి లైన్లు మొత్తం కొట్టేయండి, అండ్ల చూసెటందుకు ఏం ఉండది. దాని బదులు "కట్ట కింద మూడు బావులు మేల ఎండేవి, ఇప్పుడు రెండింట్ల మే ఆఖరుకు కూడా నీళ్ళున్నయి" అని రాస్తే ఎవ్వలైనా వచ్చి తొంగి చూడొచ్చు. సర్వర్ బిజీ ఉంటది కాబట్టి ఆఖరు రోజు దాకా ఆగొద్దు. ఒక ఏడు మా కాయితం ఒక ఆఫీసుల మూడు వారాలు ఆగింది, గడువు పాయె. ఆ తర్వాత ఎవరి సంతకమైనా నలబై రోజుల ముందే అడుగుతున్నం, ఇచ్చిన కాయితానికి రసీదు తీసుకుంటున్నం.

జల పురస్కారాలకైతే కేంద్ర జల సంఘం, కేంద్ర భూగర్భ జల బోర్డు మనుషులు జాగ మీద చూసెటందుకు వస్తరు. వాళ్ళను పంచాయతీ ఆఫీసుల కూసోబెట్టి బొకేలు ఇయ్యకండి, సీదా తూము కాడికి తీస్కపోండి. తాడు, రాయి, రిజిస్టర్ మీ దగ్గర ఉండాలె, బావి మట్టం వాళ్ళ ముందట్నే కొలవండి, కింది రైతును, చేపల సంఘం పెద్దమనిషిని పిలిచి పెట్టండి, అడిగినయి వాళ్ళనే చెప్పనియ్యండి.