కాలినడకన జింకల వేట: రైఫిల్‌ను ఎలా ఆనించాలి?

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకల వేట నేరం. కనుక ఈ వ్యాసాన్ని అమెరికాలో లైసెన్సు తీసుకుని, కొలరాడో కొండల్లో మ్యూల్ డీర్ అనే జింకల వెంట నడిచే తెలుగువారి కోసం రాస్తున్నాను. అక్కడ 1949 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ పూర్తి చేయాలి. రైఫిల్ సీజన్‌లో 500 చదరపు అంగుళాల నారింజ లేదా గులాబీ ఫ్లోరసెంట్ దుస్తులు, ఆ రంగు టోపీ తప్పనిసరి.

సరంజామాకు స్లింగ్ (భుజానికి తగిలించుకునే పట్టీ), స్కోప్ (గురి చూసే దుర్భిణి) ఉన్న రైఫిల్, దానిని ఆనించడానికి మడిచి నడుముకు తగిలించుకునే రెండు కాళ్ల షూటింగ్ స్టిక్స్, వీపు సంచి చాలు. రైఫిల్‌కే బిగించే రెండు కాళ్ల ఊత, బైపాడ్, రోజంతా చేతికి బరువు, సేజ్ పొదల్లో దాని కాళ్లు పొట్టి. నడిచే వేటగాడికి అది పనికిరాదు.

నిలబడి పేల్చవలసి వస్తే చెట్టును ఆనుకోవాలి, ఆనుకోవడానికి ఏమీ లేకపోతే పేల్చకూడదు. బోర్లా పడుకుంటే గురి అన్నిటికన్నా స్థిరంగా ఉంటుంది గానీ గడ్డి అడ్డొస్తుంది. బండ మీద ఆనించేటప్పుడు గొట్టాన్ని నేరుగా రాయికి తగిలించకుండా, దాని కింది చెక్క భాగాన్ని సంచి మీద పెట్టాలి. గట్టి రాయి మీద రైఫిల్ ఎగిరి తూటా పైకి పోతుంది.

ఇక కూర్చుని పేల్చడం. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. కుడిచేతివాటం వారు జింకకు ఎదురుగా కాక, కొంత కుడివైపు తిరిగి కూర్చుని, మడమలను నేలలో దిగేలా నొక్కాలి. మోచేతి ఎముకను మోకాటి చిప్ప మీద పెడితే ఎముక మీద ఎముక జారుతుంది. మోచేతికి కాస్త పైనున్న కండను మోకాలికి ముందువైపు ఆనించాలి. స్టిక్స్ కాళ్లను దగ్గరికి జరిపితే ఎత్తు పెరుగుతుంది, ఎడంగా జరిపితే తగ్గుతుంది.

ఇప్పుడు ట్రిగర్‌కు వేలు దూరంగా ఉంచి, కళ్లు మూసుకుని, రెండుసార్లు ఊపిరి వదిలి కళ్లు తెరవండి. క్రాస్‌హెయిర్ (స్కోప్‌లో గురి చూపే అడ్డు నిలువు గీతలు) జింక మీద లేకుండా పక్కకు జరిగి ఉంటే, దానిని చేతులతో నెట్టి సరిచేయడం పెద్ద పొరపాటు, ఎందుకంటే అలా నెట్టి పట్టిన రైఫిల్ ట్రిగర్ నొక్కుకుని తూటా పేలే క్షణంలో స్ప్రింగు తలుపులా తన చోటికి తిరిగి పోతుంది. చేతులు కదపకుండా పిరుదులనూ పాదాలనూ జరిపి, మళ్లీ కళ్లు మూసి చూడాలి. జింక వెళ్లిపోతుందన్న తొందరలో ఈ పని మానేసేవారే గుండె, ఊపిరితిత్తులు ఉన్న జానెడు చోటును తప్పి, కడుపులో కొట్టి, ఆ మూగజీవిని గంటల తరబడి బాధపెడతారు.

మరో జాగ్రత్త: గొట్టం స్కోప్ కన్నా అంగుళంన్నర దాకా కిందుగా ఉంటుంది కాబట్టి, స్కోప్‌లో దారి శుభ్రంగా కనిపించినా తూటా ఎదుటి కొమ్మకో రాతికో తగలవచ్చు, ఒకసారి తల ఎత్తి గొట్టం ముందు చూడండి. జింక వెనుక మట్టి గట్టు లేకపోతే, శిఖరం మీద ఆకాశానికి అడ్డంగా నిలబడితే పేల్చకూడదు.

ఊపిరి సగం వదిలి ట్రిగర్‌ను మెల్లగా నొక్కండి. పేలిన వెంటనే లేవకుండా, బోల్ట్ (తరువాతి తూటాను ఎక్కించే పిడి) లాగి, స్కోప్‌లోంచే చూస్తూ జింక నిలిచిన చోట ఏ పొద, ఏ రాయి ఉన్నాయో గుర్తుపెట్టుకోండి. లోయ దాటి అటు చేరేసరికి పొదలన్నీ ఒకేలా కనిపిస్తాయి.