స్టెరాయిడ్ లేని ఆయింట్‌మెంట్ పనిచేయట్లేదా? ముందు పాత ట్యూబు తీసి చదవండి

టాక్రోలిమస్ (ఎగ్జిమాకిచ్చే స్టెరాయిడ్ లేని ఆయింట్‌మెంట్) రాస్తే తగ్గాల్సింది పోయి ఇంకా ఎర్రబడిందని ట్యూబు పక్కన పడేసేవాళ్లు చాలామంది. తప్పు సాధారణంగా ఆ ట్యూబుది కాదు. అంతకుముందు వాడిన ట్యూబులో ఏముందో ఎవరూ చదవరు, గొడవంతా అక్కడే.

ఈ వ్యాసం, ఎగ్జిమా అని డాక్టరు తేల్చి, స్టెరాయిడ్ లేని పూత మందు రాసిచ్చినవాళ్ల కోసం. మన దగ్గర ఎక్కువగా రాసేది టాక్రోలిమస్: 2 నుంచి 15 ఏళ్లవాళ్లకు 0.03 శాతం, 16 దాటినవాళ్లకు 0.1 శాతం. పిమెక్రోలిమస్ 1 శాతం, క్రైసబోరోల్ 2 శాతం కూడా ఈ కోవవే. ఎలా రాసుకోవాలో మీకు తెలుసనే అనుకుంటున్నాం. ఎందుకు పనిచేయట్లేదన్నదే ఇక్కడి విషయం.

లక్షణం: రాసిన కాసేపటికే చురుకు, మంట, వేడి

కారణం మందే. ఎలర్జీ కాదు. టాక్రోలిమస్ మొదటి రోజుల్లో చర్మంలోని నరాల చివర్లను రెచ్చగొడుతుంది, కారం చేత్తో ముఖం తుడుచుకున్నట్టు ఉంటుంది. రాసిన కొద్ది నిమిషాల్లో మొదలై గంటలోపు సద్దుమణుగుతుంది. వారం గడిచి చర్మం కోలుకునేకొద్దీ చాలామందికి మంట పోతుంది. సరిగ్గా ఈ వారంలోనే జనం మానేస్తారు.

వేడినీళ్ల స్నానం చేసి వెంటనే రాయొద్దు. 20-30 నిమిషాలు ఆగి, చర్మం పూర్తిగా ఆరాక రాయండి. ట్యూబును ముందు పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి (డీప్ ఫ్రీజర్‌లో కాదు). అప్పటికీ ఓర్చుకోలేకపోతే మొదటి నాలుగైదు రోజులు రాత్రి ఒక్కపూటే రాసి, తర్వాత రెండు పూటలకు వెళ్లొచ్చా అని డాక్టర్ని అడగండి. ఇంకోటి: ఈ మందు వాడేవాళ్లలో కొందరికి కల్లో, బీరో తాగిన కాసేపటికి ముఖం కందగడ్డలా ఎర్రబడుతుంది. మందు వికటించిందని కంగారుపడక్కర్లేదు, అది ఈ మందుకు తెలిసిన గుణమే.

లక్షణం: మూడు వారాలైంది, ఏ తేడా లేదు

ట్యూబు ఎన్నాళ్లొచ్చిందో లెక్కేయండి. చూపుడువేలి కొన నుంచి మొదటి గీత దాకా పిండితే సుమారు అర గ్రాము. అది రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. అంత మచ్చకు రెండు పూటలా రాస్తే రోజుకు గ్రాము, అంటే 10 గ్రాముల ట్యూబు పది రోజులకు ఖాళీ అవ్వాలి. రెండు నెలలొచ్చిందంటే మీరు రాసింది మందు కాదు, మందు వాసన.

రెండోది మాయిశ్చరైజర్. ఒళ్లంతా పొడిబారిన పెద్దవాళ్లకు వారానికి 250 నుంచి 500 గ్రాములు పడుతుంది. చిన్న 50 గ్రాముల డబ్బా నెలంతా వాడి "మాయిశ్చరైజర్ కూడా రాస్తున్నా" అంటే లాభం లేదు. ఖరీదైనదే అక్కర్లేదు, పెట్రోలియం జెల్లీ చాలు. మందుకీ దానికీ మధ్య అరగంట తగ్గకుండా ఎడం ఇవ్వండి, లేకపోతే మందు జెల్లీలో కలిసి పలచబడుతుంది.

అరచేతులు, అరికాళ్లు, గోకి గోకి తోలులా మందమైన చోట్ల ఈ మందు సరిగ్గా లోపలికి దిగదు. అక్కడ డాక్టరు కొన్నాళ్లు స్టెరాయిడే రాస్తే పేచీ పెట్టకండి. స్టెరాయిడ్ విషం కాదు. లెక్క లేకుండా వాడితేనే చిక్కు.

లక్షణం: కొత్త మందు మొదలుపెట్టిన వారంలోపే ముఖమంతా భగ్గుమంది

అసలు కథ ఇదే. ఇక్కడ నిదానంగా చదవండి.

ముఖం మీద ఎరుపుకో, మంగు మచ్చలకో, తామరకో (ఎగ్జిమా కాదు, ఫంగస్‌తో వచ్చేది) మెడికల్ షాపులో అడిగి తెచ్చిన క్రీము నెలల తరబడి రాసి ఉంటారు. దానిలో క్లోబెటసోలో, బెటామెథసోనో, మొమెటసోనో, ఏదో ఒక స్టెరాయిడ్ ఉంటుంది. అది రక్తనాళాలను బిగపట్టి ఎరుపును దాచేస్తుంది, చర్మాన్ని పలచన చేస్తుంది. మానేసిన రెండు రోజులకో పది రోజులకో బిగపట్టిన నాళాలన్నీ ఒక్కసారి విచ్చుకుంటాయి. ముఖం ఎర్రబడి, ఉబ్బి, రోజంతా మండుతుంది. సరిగ్గా అదే వారంలో టాక్రోలిమస్ మొదలై ఉంటుంది కాబట్టి నింద దాని మీద పడుతుంది. పైగా పలచబడ్డ చర్మం మీద టాక్రోలిమస్ మామూలు కంటే ఎక్కువ చురుక్కుమంటుంది. దాంతో మనిషి పాత ట్యూబు తీసి రాస్తాడు, తెల్లారేసరికి చల్లబడుతుంది. "చూశారా, పాతదే అసలు మందు" అని నమ్మకం గట్టిపడుతుంది. ఇలా తిరిగిన ప్రతి చుట్టుకీ చర్మం ఇంకాస్త పలచబడి, తర్వాతి మంట ఇంకాస్త పెరుగుతుంది.

రెండింటినీ వేరుచేయడం కష్టమేం కాదు. టాక్రోలిమస్ మంట రాసినప్పుడు వచ్చి గంటలో పోతుంది. స్టెరాయిడ్ మానిన మంట మందు రాయని పూట కూడా ఉంటుంది, ఎండకీ పొయ్యి సెగకీ రేగుతుంది. ఆ ఎరుపు పాత క్రీము రాసినంత మేరే, గీత గీసినట్టు ఉంటుంది. నోటి చుట్టూ సన్నని గింజల్లాంటి పొక్కులు వచ్చి, పెదవి అంచున మాత్రం ఒక సన్నటి చార శుభ్రంగా మిగిలితే అనుమానం దాదాపు తీరినట్టే. వెలుతురులో అద్దం దగ్గరగా పెట్టి బుగ్గ చూడండి, దారాల్లాంటి ఎర్రటి నాళాలు కనిపించొచ్చు.

ఇప్పుడు అందరూ దాటేసే పని. ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ, ఫెయిర్‌నెస్ క్రీము, మంగు క్రీము, పక్కింటివాళ్లిచ్చిన సగం ట్యూబు కూడా బల్ల మీద పెట్టండి. బ్రాండు పేరు చూడొద్దు. కింద చీమల్లాంటి అక్షరాల్లో ఉండే కాంపోజిషన్ చదవండి. కనపడకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేయండి. పేరు చివర సోన్, సోల్, లోన్, నైడ్ అని వస్తే స్టెరాయిడ్ అనుకోండి: మొమెటసోన్, క్లోబెటసోల్, ట్రయామ్సినొలోన్, డెసొనైడ్. సోల్‌కీ జోల్‌కీ పొరబడొద్దు. క్లోట్రిమజోల్, కీటోకొనజోల్ ఫంగస్ మందులు. మొటిమలకిచ్చే డాప్సోన్ కూడా స్టెరాయిడ్ కాదు, పేరులోనే పోలిక.

తామరకని అమ్మే కలగూరగంప క్రీములను మరీ జాగ్రత్తగా చూడండి. ఒకే ట్యూబులో ఓఫ్లోక్సాసిన్, ఓర్నిడజోల్, టెర్బినాఫిన్, వాటి పక్కన క్లోబెటసోల్ 0.05 శాతం. దురద రెండు రోజుల్లో తగ్గించేది ఆ చివరిదే. మంగు క్రీముల్లో చాలావాటిలో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌లకు తోడు మొమెటసోన్ ఉంటుంది. ఒకే బ్రాండు పేరుకి చివర బి, జీఎం, ప్లస్ లాంటి తోకలు తగిలితే లోపలి మందు మారిపోతుంది, ఆ తోక చాలాసార్లు స్టెరాయిడే. లేబుల్ లేని డబ్బాలో కలిపిచ్చిన క్రీము, నాటు మందు రెండు రోజుల్లో అద్భుతం చేసిందంటే దాన్నీ ఇదే వరుసలో పెట్టండి. 2018లో కేంద్రం 14 రకాల పూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేనిదే అమ్మకూడదు. అడిగితే ఇచ్చేస్తున్నారన్నది మనకు తెలిసిందే.

బయటపడే దారి ఎన్నాళ్లు, ఎంత ఘాటుది వాడారన్నదాన్ని బట్టి ఉంటుంది. తేలికపాటిది రెండు మూడు వారాలే వాడి ఉంటే నేరుగా మానేయొచ్చు. ఘాటుది నెలల తరబడి వాడినవాళ్లకు చర్మ డాక్టర్లు కొందరికి తక్కువ ఘాటుదానికి మార్చి రోజు విడిచి రోజుకు దించుతారు, కొందరికి నేరుగా టాక్రోలిమస్‌కు మారుస్తారు. ఒళ్లంతా నెలల పాటు రాసి, ఇప్పుడు నీరసం, వికారం, కళ్లు తిరగడం ఉంటే సొంతంగా మానేయొద్దు. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉండొచ్చు, వెంటనే డాక్టరుకు చూపించండి. నోటి చుట్టూ పొక్కులకు కొన్ని వారాలు డాక్సీసైక్లిన్ (మింగే యాంటీబయోటిక్) రాసివ్వడం మామూలే, గర్భిణులకూ చిన్నపిల్లలకూ మాత్రం పనికిరాదు.

ఈలోగా ముఖానికి నీళ్లు, పెట్రోలియం జెల్లీ, డాక్టరు చెప్పిన మందు. అంతే. నిమ్మరసం, పసుపు, శనగపిండి, ఆవిరి, ఫేషియల్ అన్నీ బంద్. మొదటి రెండు వారాలు గడ్డుగా ఉంటాయి, పూర్తిగా తేరుకోవడానికి నెలలు పట్టొచ్చు. ఆ రెండు వారాల్లో పెళ్లో ఫంక్షనో ఉందని పాత ట్యూబు ఒక్కసారి రాస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

లక్షణం: మచ్చ నడుమ తగ్గి అంచు పాకుతోంది

తామర. టాక్రోలిమస్ ఫంగస్‌ను చంపదు, రోగనిరోధక స్పందనను తగ్గిస్తుంది కాబట్టి పెరగనిస్తుంది కూడా. ముందే స్టెరాయిడ్ రాసి ఉంటే ఉంగరం ఆకారం చెదిరిపోయి ఎగ్జిమాలాగే కనిపిస్తుంది. అంచు నుంచి పొట్టు గీకి పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తే అక్కడికక్కడే తేలిపోతుంది. ఆ పరీక్ష అడగండి.

మిగతావి

రాత్రిపూట దురద ఎక్కువై, వేళ్ల సందుల్లో పొక్కులుండి, ఇంట్లో ఇంకొకరూ గోక్కుంటుంటే గజ్జి. పర్మెత్రిన్ 5 శాతం క్రీము ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి.

నుదుట బొట్టుబిళ్ల మేర మచ్చ, మెడ చుట్టూ గిల్టు గొలుసు మేర మచ్చ ఉంటే తీయాల్సింది ఆ వస్తువును. పొలాల్లో తిరిగేవాళ్లకు కనురెప్పలు, మెడ, మోచేతి మడతల్లో ఏటేటా తిరగబెడితే గట్ల మీది వయ్యారిభామ కలుపు మొక్కను అనుమానించండి. పుప్పొడి, ఎండిన పొడి గాల్లో వచ్చి అంటుకున్నా చాలు.

క్యాన్సర్ భయం: అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006లో టాక్రోలిమస్, పిమెక్రోలిమస్ పెట్టెల మీద హెచ్చరిక పెట్టించింది. అవయవ మార్పిడిలో మింగే మందుల అనుభవం, జంతు పరీక్షలు దానికి ఆధారం. పైపూతతో క్యాన్సర్ వస్తుందని రుజువు కాలేదు. చెప్పిన చోట, చెప్పినన్నాళ్లు రాయండి, ఎండ తగలకుండా కప్పుకోండి.

తేనె రంగు పెచ్చులు కట్టి రసి కారుతుంటే ముందు ఇన్ఫెక్షన్ తగ్గాలి, అప్పటిదాకా ఈ మందు ఆపండి. ఒకే సైజు చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచి, అవి చిట్లి గుండ్రటి గుంటలు పడి, జ్వరం కూడా ఉంటే హెర్పిస్ కావచ్చు. మర్నాటి దాకా ఆగొద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. పొక్కులు కంటి దగ్గరుంటే ఇంకా తొందరగా.