ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేలుకు రక్తం తీసే ముందు

మైపాడు తీరంలోనో కొత్తపట్నం తీరంలోనో గాయపడిన ఆలివ్ రిడ్లీ సముద్ర తాబేలు కనిపిస్తే ముందు అటవీశాఖకు ఫోన్ చేయండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూలు జీవి, అంటే అత్యధిక రక్షణ ఉన్నది. వాళ్లు ఒప్పుకున్నాకే వైద్యం.

సూది పట్టే ముందు:

• తూకం వేయండి, అందాజు వద్దు. సరీసృపాల్లో రక్తం శరీర బరువులో సుమారు 5 నుంచి 8 శాతమే. మీరు తీసేది ఆ రక్తంలో పదో వంతు దాటకూడదు. నీరసించిన తాబేలు దగ్గరైతే ఇంకా తక్కువ తీయండి.

• ట్యూబు దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. కుక్కలకు, గేదెలకు వాడే ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) ట్యూబు అలవాటుగా చేతికొస్తుంది. తాబేలు ఎర్రకణాలు అందులో పగిలిపోవచ్చు. అదే పని చేసే లిథియం హెపారిన్ ట్యూబు పెట్టుకోండి. స్మియర్ (గాజుపలకపై పలుచగా పరిచే రక్తపు పొర) మాత్రం ఏమీ కలపని తాజా రక్తంతో అక్కడికక్కడే వేయాలి.

• ల్యాబుకు ముందే చెప్పండి: ఈ ఎర్రకణాల్లో కేంద్రకం ఉంటుంది, మామూలు మెషీన్ లెక్క నమ్మలేం, మైక్రోస్కోప్ కింద చూసి లెక్కపెట్టాలి. చెప్పకపోతే ఆ మూగజీవిని బాధపెట్టిందంతా వృథా.

• సిరంజిలోకి నీళ్లలాంటి ద్రవం వస్తే శోషరసం (లింఫ్) కలిసినట్టే. ఆ నమూనా పంపొద్దు.

• గ్లవ్స్, తర్వాత సబ్బు. సాల్మొనెల్లా బ్యాక్టీరియా అంటుకునే భయం ఉంది.

రక్తం ఎక్కించాల్సి వస్తే దాత అదే జాతిది, ఆరోగ్యంగా ఉన్నది కావాలి. రక్తంలో పరాన్నజీవులు లేవని స్మియర్‌లో చూసుకోండి. దాత ఎర్రకణాలను రోగి ప్లాస్మాతో కలిపి చూడండి, కణాలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దకడితే ఆ రక్తం వాడొద్దు. రక్తం సరిపోయినా నెమ్మదిగానే ఎక్కించండి, పక్కనుంచి కదలకండి.